డక్టు పెద్దది కావాలి, కూలర్ కాదు

ప్రశ్న: మిద్దెపైన డక్ట్ కూలర్ పెట్టించి, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న జీఐ రేకు డక్టుతో (గాలి గొట్టంతో) హాలుకూ (20×12 అడుగులు), రెండు పడకగదులకూ (ఒక్కోటి 12×10) గాలి ఇప్పించాం. కప్పు ఎత్తు 10 అడుగులు. చివరి గదికి గాలి అందదు. రాత్రయితే ఒళ్లంతా జిడ్డు. పెద్ద కూలర్ కొనాలా?
– ఒక పాఠకురాలు, తాడిపత్రి

జవాబు: తొందరపడి కొనకండి. మూడు గదులూ కలిపి 4,800 ఘనపుటడుగులు. నీటి కూలర్‌తో గంటకు 30 సార్లు గాలి మారాలనుకుంటే నిమిషానికి 2,400 ఘనపుటడుగులు కావాలి. మీ డక్టు వైశాల్యం ఒక్క చదరపుటడుగే కాబట్టి గాలి నిమిషానికి 2,400 అడుగుల వేగంతో పోవాలి. ఇళ్లలో ఇది 1,000 దగ్గర ఉంటేనే మేలు. వేగం రెట్టింపైతే రాపిడి దాదాపు నాలుగింతలవుతుంది, హోరూ పెరుగుతుంది.

ముందు కూలర్ మూత తీసి చూడండి. రెక్కల ఫ్యాను ఉంటే అది డక్టులోని ఒత్తిడికి తట్టుకోలేదు, బ్లోయర్ (డ్రమ్ములాంటి చక్రంతో గాలిని బలంగా తోసేది) ఉన్నదే కావాలి. బ్లోయరే ఉంటే డక్టు మార్పించండి: మొదటి చీలిక దాకా 20×18 అంగుళాలు, హాలు కొమ్మ విడిపోయాక 15×12, పడకగదుల కొమ్మలు 12×9. ప్రతి కొమ్మకూ డ్యాంపర్ (గాలిని తగ్గించే రేకు తలుపు) పెట్టించి, చివరి గదికి గాలి అందేదాకా హాలుది కొంచెం కొంచెంగా మూయండి. మలుపులు గుండ్రంగా ఉండాలి. చోటు చాలక మూలగా తిప్పితే లోపల వంపు రేకులు పెట్టించాల్సిందే. అతుకులకు గ్యాస్కెట్, సిలికాన్ వాడమనండి, బ్రౌన్ టేపు మన ఎండకు ఊడిపోతుంది. మిద్దెపైన ఎండ తగిలే డక్టుకు వేడి లోపలికి దిగకుండా అంగుళం మందం నైట్రిల్ ఫోమ్ (రబ్బరు నురగ పొర), దానిపైన అల్యూమినియం పూత వేయించండి.

జిడ్డుకు కారణం మూసిన కిటికీలు. ఏసీ అలవాటుతో చాలామంది చేసేదే ఇది. కూలర్ తేమగాలిని లోపలికి తోస్తూనే ఉంటుంది, ఆ గాలి బయటికి పోవాలి. పడకగదిలో ఒకటింబావు చదరపుటడుగు, హాల్లో రెండున్నర మేర కిటికీ తెరిచి ఉంచండి, అదీ డక్టు గాలి వచ్చే గ్రిల్లుకు ఎదురుగోడ వైపు.

ప్రశ్న: కారు ఏసీ ఫుల్ స్పీడులో పెట్టినా వెంట్లలో గాలి సన్నగా వస్తోంది. గ్యాస్ అయిపోయిందా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: గ్యాస్ తగ్గితే ముందు పోయేది చల్లదనం. మీకు తగ్గింది గాలి కాబట్టి క్యాబిన్ ఫిల్టర్ చూడండి. చాలా కార్లలో గ్లవ్‌బాక్స్ వెనకాలే ఉంటుంది. తీసేసి ఒక్క నిమిషం బ్లోయర్ వేస్తే గాలి బాగా వస్తుందా? అయితే కొత్తది వేయించండి, దానిమీది బాణం గాలి పోయే వైపే ఉండాలి. ఎర్రగుంట్ల వైపు సిమెంటు దుమ్ములో తిరిగే బండికి కంపెనీ చెప్పిన గడువుకన్నా ముందే మార్చడం మంచిది. ఫిల్టర్ లేకుండా మాత్రం నడపొద్దు. తడిగా ఉండే కూలింగ్ కాయిల్‌కు దుమ్ము అంటుకుంటే డ్యాష్‌బోర్డు విప్పి కడగాల్సి రావచ్చు.