వైన్స్ షట్టర్ నుంచి బడి గేటు దాకా: ఏ దారిన కొలవాలి?

ప్రశ్న: మాది తెలంగాణలో ఒక మండల కేంద్రం. మా పిల్లలు చదివే ప్రభుత్వ హైస్కూలు వెనక సందులో వైన్స్ కోసం షట్టర్ బిగిస్తున్నారు. పక్కనే చిన్న హనుమాన్ గుడి కూడా ఉంది. బడికి 500 మీటర్ల లోపు మందు షాపు ఉండొద్దని సుప్రీంకోర్టు చెప్పింది కదా? షాపాయన మాత్రం "డ్రాలో వచ్చింది, లక్షలు కట్టిన, ఎవరూ ఆపలేరు" అంటున్నాడు. మేం ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ 500 మీటర్ల సంగతి. అది బడి గురించి కాదు, హైవే గురించి. జాతీయ, రాష్ట్ర రహదారుల పక్కన మద్యం షాపులు వద్దంటూ సుప్రీంకోర్టు 2016 డిసెంబర్ 15న చెప్పిన మాట అది. చిన్న ఊళ్లకు తర్వాత దాన్ని 220 మీటర్లకు తగ్గించింది. మీ ఫిర్యాదులో 500 అని రాశారంటే అవతలి వాళ్ల పని మీరే తేలిక చేసినట్టు. ఆ అంకె తీసేయండి.

మీకు పనికొచ్చేది 100 మీటర్ల రూలు. షాపుల లైసెన్సులకు ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన నిబంధనల్లో ఇది ఉంది. గుడి, మసీదు, చర్చి, విద్యాసంస్థ, ఆస్పత్రి, వీటికి 100 మీటర్ల లోపు షాపు ఉండకూడదు. అసలు గొడవంతా ఆ 100 మీటర్లు ఎలా కొలుస్తారన్న దగ్గరే. ఫోన్‌లో మ్యాప్ తెరిచి గీత గీసి "అరవై మీటర్లే సార్" అని నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది. ఆ గీత చెల్లదు. షాపు తలుపు మధ్య నుంచి, మనుషులు మామూలుగా నడిచే దగ్గరి దారిలో, బడి గేటు మధ్య వరకు కొలవాలి. ప్రహరీ లేకపోతే బడి గుమ్మం వరకు. సందు మలుపు తిరిగితే కొలతా దానితోపాటే తిరుగుతుంది.

రూల్లో ఉన్న మాట "దగ్గరి గేటు". మెయిన్ గేటు అని లేదు. నేను చూసిన ఒక కేసులో అధికారులు ముందు గేటు దాకా కొలిచి 128 మీటర్లు అని రాశారు. బడి వెనక ఒక చిన్న ఇనుప గేటు ఉంది. మధ్యాహ్న భోజనం వండే ఆమె గ్యాస్ సిలిండర్ దొర్లించుకుంటూ వచ్చేది ఆ గేటు గుండానే, సగం మంది పిల్లలు వచ్చేదీ అక్కడి నుంచే. అక్కడికి కొలిస్తే 71. గేటుకు తాళం ఉంటుందని షాపు వాళ్లు వాదించారు. పొద్దున బడి వేళకు పిల్లలు లోపలికి వెళ్తున్న ఫొటోలు, హెడ్‌మాస్టర్ ఇచ్చిన లెటర్ చూపించాక ఆ వాదన నిలవలేదు. మీ షాపు కూడా వెనక సందులోనే కాబట్టి ముందు ఆ వైపు గేటు ఉందేమో చూడండి.

బడి ప్రభుత్వానిదే కాబట్టి గుర్తింపు గొడవ మీకు లేదు. ట్యూషన్ సెంటర్, గుర్తింపు లేని ప్లేస్కూలు అయితే ఈ రూలు కాపాడదు. గుడి విషయంలో మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. దేవాదాయ శాఖలో రిజిస్టరైన గుడినే లెక్కలోకి తీసుకుంటారు. రావిచెట్టు కింద గద్దెకి ఎంత భక్తి ఉన్నా ఫైల్లో చోటుండదు. షాపు వస్తోందని తెలిసి రాత్రికి రాత్రి విగ్రహం నిలబెట్టే పని కూడా జరుగుతుంటుంది. దయచేసి అది చేయకండి, నిజమైన ఫిర్యాదు కూడా దాంతోపాటే పలచనైపోతుంది.

ఇక డ్రా, అంటే షాపు లైసెన్సు ఎవరికివ్వాలో తేల్చే లాటరీ సంగతి. డ్రాలో పేరు వస్తే లైసెన్సుకు అర్హత వచ్చినట్టు, అంతే. ఏ గదిలో పెట్టాలో వేరే చూస్తారు, ఎక్సైజ్ వాళ్లు వచ్చి తనిఖీ చేసి రిపోర్టు రాయాలి. మద్యం అమ్ముకోవడం ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో తేల్చేసింది. షాపాయన కట్టిన లక్షలు మీ టెన్షన్ కాదు, ఆయనది.

ఫిర్యాదు జిల్లా ఎక్సైజ్ అధికారికి రాయండి. కాపీ స్థానిక ఎక్సైజ్ స్టేషన్‌లో ఇవ్వండి, సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలోనూ ఇచ్చి రసీదు తీసుకోండి. మీ ఒక్కరి సంతకం కన్నా హెడ్‌మాస్టర్, బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ సంతకాలతో వెళ్తే బరువు ఎక్కువ. తనిఖీ రిపోర్టు, దూరం స్కెచ్ కాపీ కావాలని ఆర్టీఐ కూడా వేయండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవేవీ లేకుండా నేరుగా హైకోర్టులో రిట్ వేస్తే, ముందు అధికారులకు చెప్పుకున్నారా అని అడుగుతారు. కోర్టు తనే టేపు పట్టదు కదా, కొలవమని అధికారులకే చెబుతుంది.

షాపు ఏళ్లుగా ఉంది, బడి తర్వాత వచ్చింది అనేవాళ్లకు ఒక మాట. కాన్పూర్‌లో ఐదేళ్ల ఎల్‌కేజీ పిల్లాడి తరఫున వేసిన కేసులో, పాత షాపే అయినా లైసెన్సు రెన్యువల్ చేయొద్దని అలహాబాద్ హైకోర్టు 2024లో చెప్పింది. మన హైకోర్టు దాన్ని పాటించి తీరాలని లేదు, వాదనకు మాత్రం బాగా పనికొస్తుంది.

కొలిస్తే 110 వచ్చిందనుకోండి, దూరం రూలు మీకు పనిచేయదు. అప్పుడు సందులో తాగి కూర్చోవడం, సీసాలు పగలగొట్టడం మీద పోలీసులకు ఫిర్యాదు చేయాలి. ఇబ్బంది తొలగించమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌ను బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 152వ సెక్షన్ కింద కోరవచ్చు. అది నెమ్మదైన దారి.

షట్టర్ ఇంకా తెరవలేదన్నారు కాబట్టి ఈ ఆదివారమే మేస్త్రీ దగ్గర పొడుగు టేపు తెచ్చుకోండి. ఒకరు షట్టర్ మధ్యలో, ఒకరు వెనక గేటు మధ్యలో నిలబడి, మలుపు దగ్గర చాక్‌పీసుతో గుర్తు పెట్టి, మొత్తం ఆపకుండా వీడియో తీయండి. అంకె 100 లోపు వస్తే సోమవారం ఆ వీడియో పెన్‌డ్రైవ్‌తో ప్రజావాణికి వెళ్లండి.