సివిల్ డిఫెన్స్‌లో చేరతానంటున్నాడు మావాడు, అదసలు ఉద్యోగమేనా?

అనకాపల్లి జిల్లా నుంచి ఒక తండ్రి రాశారు. అబ్బాయి కెమికల్ ఇంజనీరింగ్ మూడో ఏడాది, 2025 మే 7న విశాఖలో జరిగిన మాక్ డ్రిల్ చూసిన దగ్గర్నుంచి సివిల్ డిఫెన్స్ తప్ప వేరే మాట లేదట, గేట్ కోచింగ్ కూడా మానేశాడట.

సార్, ముందు మీ టెన్షన్ సంగతి చూద్దాం. మీరనుకునే అర్థంలో అది ఉద్యోగం కాదు. యుద్ధం, విపత్తుల వేళ జనాన్ని కాపాడేందుకు 1968 సివిల్ డిఫెన్స్ చట్టం కింద నడిచే ఆ వ్యవస్థలో ఎక్కువ మంది వాలంటీర్లే, నెల జీతం పోస్టులు బాగా తక్కువ. అందులోనే స్థిరపడతానంటే నేనూ వద్దనే చెబుతాను. వాలంటీరుగా పేరిస్తే మాత్రం అడ్డుపడకండి, శిక్షణ పనికొస్తుంది.

అయితే మీవాడికి నచ్చిన పనికి జీతమిచ్చే చోటు ఒకటుంది, అది ఫ్యాక్టరీ. 1984 భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు, 1989లో ప్రమాదకర రసాయనాల నిబంధనలు తెచ్చారు. వాటి ప్రకారం అలాంటి రసాయనాలు పరిమితికి మించి ఉన్న చోట ప్రమాదం జరిగితే ఎవరేం చేయాలో ముందే రాసిపెట్టుకోవాలి: ఫ్యాక్టరీ గోడ లోపలికి ఆన్‌సైట్ ప్లాన్ యాజమాన్యం రాయాలి, గోడ బయట ఊరికి ఆఫ్‌సైట్ ప్లాన్ జిల్లా యంత్రాంగం రాయాలి. మొదటిదానికి ఆరు నెలలకోసారి డ్రిల్, రెండోదానికి ఏడాదికోసారి. రాసుకోవడం వరకు బాగానే ఉంటుంది. సరిగ్గా అదే మే 7న, 2020లో, విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటున్నా ఎవరూ మోగించలేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది.

నేనొకసారి ఒక ఫ్యాక్టరీ డ్రిల్ చూడ్డానికి వెళ్లాను. సైరన్ మోగింది, అందరూ చకచకా వచ్చి అసెంబ్లీ పాయింట్‌లో వరసగా నిలబడ్డారు, ఫొటోలు కూడా అయ్యాయి. తలెత్తి చూస్తే, గాలి ఎటు వీస్తోందో చూపే గాలి సంచి మా వైపే ఊగుతోంది, అంటే నిజంగా ట్యాంకు లీకై ఉంటే గ్యాసు నేరుగా మా మీదికే. తలలు లెక్కపెట్టేటప్పుడు ఇంకో తమాషా, కాంట్రాక్టు కూలీల పేర్లు గేటు దగ్గరి రిజిస్టర్లో ఉన్నాయి, గార్డేమో ఆ గదికి తాళం వేసి మాతోపాటే వరసలో నిలబడ్డాడు. ఇలాంటివి పట్టుకునే మనిషి కావాలి, ఆ మనిషినే సేఫ్టీ ఆఫీసర్ అంటారు.

పాత ఫ్యాక్టరీల చట్టంలో వెయ్యి మంది పనిచేసే ఫ్యాక్టరీకి ఆ ఆఫీసరు తప్పనిసరి. కార్మికుల భద్రత, ఆరోగ్యంపై వచ్చిన 2020 కోడ్ దాన్ని 500కి, ప్రమాదకర ప్రక్రియలుంటే 250కి దించింది, కాబట్టి అవసరం పెరిగేదే. మామూలుగా అడిగే అర్హతలు ఇంజనీరింగ్ డిగ్రీ, ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ స్థాయిలో రెండేళ్ల అనుభవం, ఆపైన గుర్తింపున్న ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా. ముంబైలోని సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్, చెన్నైలోని రీజనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే డిప్లొమాకు విలువుంది. వీధి చివర బోర్డు పెట్టి ఆరు నెలల్లో ఫైర్ అండ్ సేఫ్టీ, ఉద్యోగం గ్యారంటీ అనేవాళ్లకు మాత్రం ఒక్క రూపాయి కట్టకండి. ఇంకోటి, పనివాళ్ల భాష రావాలని కూడా నిబంధనల్లో ఉంటుంది, అంటే మనవాడి తెలుగు కూడా ఇక్కడ ఒక అర్హతే.

ప్రభుత్వం వైపే కావాలంటే ఫ్యాక్టరీల శాఖలో ఇన్‌స్పెక్టర్ పోస్టులున్నాయి, కాకపోతే నోటిఫికేషన్ కోసం ఏళ్లు కాచుకోవాల్సి రావచ్చు. అందుకే గేట్ మానొద్దనండి. ఆ స్కోరుతో ఇంజనీర్లను తీసుకునే ప్రభుత్వ రంగ కంపెనీలున్నాయి, ముందు ప్లాంటులో అడుగు పెడితే ఆ రెండేళ్ల అనుభవమూ అక్కడే వస్తుంది.

ఈలోగా ఇంటర్న్‌షిప్‌కి వెళ్లిన చోట ఆన్‌సైట్ ప్లాన్ చూపించమని అడగమనండి. ఇస్తే, ఫోన్ నంబర్ల పేజీలో పేర్లున్న వాళ్లలో ఎంతమంది ఇంకా అక్కడే పనిచేస్తున్నారో కనుక్కుని నాకు రాయమనండి.