కారు లెక్క తేలాకే ఊరు పేరు

(పాఠకుల ప్రయాణాల ప్రశ్నలకు జవాబులు చెప్పే శీర్షిక)

ప్రశ్న: అన్నా, నేను డెంటన్‌లో ఎమ్మెస్ రెండో సెమిస్టర్ చదువుతున్నా. మార్చిలో మాకు వారం రోజులు స్ప్రింగ్ బ్రేక్. నలుగురు రూమ్మేట్లం కలిసి నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్లొద్దామని ప్లాన్. మనిషికి 250 డాలర్లు దాటకూడదు. సీనియర్లు వేగాస్ అంటున్నారు. ఒకడేమో మయామీకి టికెట్ 90 డాలర్లే అని ఫోన్ చూపిస్తున్నాడు. ఎవరికీ సొంత కారు లేదు. లైసెన్స్ ఇద్దరికే ఉంది: నాకు 23 ఏళ్లు, ఇంకో అతనికి 26. ఊళ్లో నాన్న నా లోన్‌కి వడ్డీ కడుతుంటే నేనిక్కడ టూర్లు తిరగడమేంటని కూడా ఒక పక్క పీకుతోంది. ఏం చెయ్యమంటారు?
– ఒక విద్యార్థి, డెంటన్, టెక్సస్

జవాబు: తమ్ముడూ, ముందు ఆ మయామీ టికెట్ సంగతి తేల్చేద్దాం. 90 డాలర్లు ఒట్టి సీటుకి. బ్యాగుకి వేరే, వచ్చేటప్పటి టికెట్ వేరే, దిగాక ఎయిర్‌పోర్టు నుంచి రూముకి క్యాబ్ వేరే. అమెరికాలో సగం కాలేజీ పిల్లలు ఆ నెలలోనే ఆ బీచ్‌కి పరిగెడతారు కాబట్టి రూముల రేట్లు ఎలా ఉంటాయో నువ్వే చూసుకో. చారాణా కోడికి బారాణా మసాలా అంటారే, సరిగ్గా అదే. వేగాస్ గురించి చెప్పేదేం లేదు. అక్కడ రూము రేటు మీద రిసార్ట్ ఫీజు అని ఇంకోటి వడ్డిస్తారు, మిగతాది మీ రూమ్మేట్లు జూదంలో ఎంత పోగొడతారో దాన్ని బట్టి ఉంటుంది.

నలుగురున్నారంటే మీకు చవక బండి కారే. ఇద్దరెక్కినా నలుగురెక్కినా అద్దె ఒకటే, గ్యాస్ (అదే, పెట్రోలు) ఒకటే. అందుకే ఊరు తర్వాత చూద్దాం, కారు లెక్క ముందు చూద్దాం. ఈ దేశంలో నేను డబ్బు పోగొట్టుకున్నదంతా ఊళ్లల్లో కాదు, కారు అద్దెకిచ్చే కౌంటర్ల దగ్గర.

2003 మార్చిలో నేనూ నీలాగే స్టూడెంట్‌ని. ఆన్‌లైన్‌లో రోజుకి 22 డాలర్లని చూసి బుక్ చేశా. కౌంటర్ దగ్గర ఆ అమ్మాయి నా లైసెన్స్ చూసి, నవ్వుతూనే, 25 ఏళ్లు నిండలేదు కాబట్టి రోజుకి ఇంకో 25 అంది. కారు కంటే నా వయసుకి అద్దె ఎక్కువ! వెనక్కి తిరిగి చూస్తే నలుగురు బ్యాగులు పట్టుకుని నిలబడ్డారు. సంతకం పెట్టేశా. పోనీ అంతటితో అయిందా, ఆదివారం తిరిగి ఇద్దామని వెళ్తే ఆ బ్రాంచికి ఆదివారం తాళం. సోమవారం దాకా కారు మా అపార్ట్‌మెంట్ ముందు ఊరికే నిలబడింది, ఇంకో రోజు అద్దె కట్టించుకుని.

ఆ వయసు చార్జీ ఇప్పటికీ ఉంది, చాలా కంపెనీల్లో రోజుకి పాతిక అటూ ఇటూ. కాబట్టి కారు మీ 26 ఏళ్ల ఫ్రెండు పేరు మీద, అతని క్రెడిట్ కార్డు మీద తీసుకోండి. డ్రైవింగ్ కూడా అతనొక్కడే. రెండో డ్రైవరుగా నీ పేరు రాయించినా ఆ పాతిక పడుతుంది. పేరు రాయించకుండా మధ్యలో స్టీరింగ్ మార్చుకుందామనే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. ఏదైనా తగిలితే అగ్రిమెంట్‌లో పేరు లేని డ్రైవరుకి ఇన్సూరెన్స్ వర్తించదు. నీకు కొంచెం నామోషీగా ఉంటుంది, నాకు తెలుసు. పాటలు పెట్టే పని నువ్వు తీసుకో.

ఇన్సూరెన్స్ అన్నాను కాబట్టి ఇంకో మాట. చాలా క్రెడిట్ కార్డులు కవరేజీ ఇస్తాయంటారు, నిజమే. కానీ అది అద్దె కారుకి తగిలిన దెబ్బకి. మీరు గుద్దిన అవతలి కారుకి, అవతలి మనిషికి కాదు. సొంత కారు పాలసీ ఉన్నవాళ్లకి ఆ బాధ లేదు. మీకెవరికీ లేదు కాబట్టి అవతలివాళ్ల నష్టానికి పనికొచ్చే లయబిలిటీ కవరేజీ ఒక్కటీ కౌంటర్ దగ్గర తీసుకోండి. మిగతా రెండు మూడు పేర్లతో అమ్మజూపేవి కార్డులో ఉన్నాయో లేదో ముందు రోజే ఫోన్ చేసి కనుక్కుంటే, కౌంటర్ దగ్గర తడబడరు.

ఇప్పుడు ఊరు. పక్క రాష్ట్రం ఆర్కన్సాలోని హాట్ స్ప్రింగ్స్ వెళ్లండి. డాలస్ దాటి ఐ-30 హైవే పట్టుకుంటే టెక్సర్కానా మీదుగా, మధ్యలో ఆగుతూ వెళ్లినా ఆరు గంటల్లోపు చేరతారు. ఊరి మధ్యలోనే నేషనల్ పార్కు. ఎంట్రీ ఫీజు లేదు. భూమిలోంచి నీళ్లు 143 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడితో వస్తాయి. నూరేళ్ల నాటి స్నానశాలలు ఎనిమిది వరసగా నిలబడి ఉంటాయి. ఫోర్డైస్ అనేదాన్ని మ్యూజియంగా మార్చారు, అదీ ఉచితమే. నీళ్లు పట్టుకోవడానికి వీధిలోనే కుళాయిలున్నాయి. ఊరివాళ్లు డబ్బాలు తెచ్చి బారులు తీరి పట్టుకుంటుంటే, మా పత్తికొండలో బోరింగు దగ్గర బిందెల వరస గుర్తొచ్చింది నాకు. ఆవిర్లు పోతున్న నీళ్లలో టీ బ్యాగ్ వేసుకుని తాగుతున్న ఒక ముసలాయన్ని చూశాను. నేనూ వేసుకున్నా. టీ అంత గొప్పగా ఏం లేదు.

ఒకటి ముందే చెప్తా, తర్వాత తిట్టుకోకు. వేడినీటి గుండాల్లో ఊరికే దిగి మునగొచ్చని చాలామంది అనుకుంటారు. పార్కులో అలాంటిది లేదు. స్నానం చెయ్యాలంటే బాత్‌హౌస్‌లోకి డబ్బు కట్టి వెళ్లాలి. బక్‌స్టాఫ్ అనే బాత్‌హౌస్ 1912 నుంచి నడుస్తోంది, పద్ధతంతా పాతకాలందే, వాళ్లే రుద్ది పంపిస్తారు. కొంచెం సిగ్గు పక్కన పెట్టాలి. క్వాపా అనే ఇంకోదాంట్లో అయితే స్విమ్మింగ్ డ్రెస్ వేసుకుని కొలనుల్లో కూర్చోవచ్చు.

వచ్చేటప్పుడు మర్‌ఫ్రీస్‌బరో వైపు తిరగండి. ఆర్కన్సా వెళ్లమని నిన్ను పోరుతున్నది నిజానికి దీనికోసమే. అక్కడ క్రేటర్ ఆఫ్ డైమండ్స్ అని స్టేట్ పార్కు ఉంది. దున్నిన చేను, 37 ఎకరాలు. టికెట్ కొనుక్కుని వెతుక్కోవడమే. వజ్రం దొరికితే నీదే. 1906లో ఆ పొలం రైతుకి మొదట దొరికాయి. 1924లో దొరికినదాన్ని అంకుల్ శామ్ అన్నారు, 40.23 క్యారెట్లు, అమెరికాలో దొరికినవాటిలో అదే పెద్దది. మీకు దొరుకుతుందని నేను చెప్పను. దొరికేవాటిలో చాలావరకు అగ్గిపుల్ల తలంతే ఉంటాయి.

మాది కర్నూలు జిల్లా కాబట్టి నాకు ఆ చేను చూడగానే నవ్వొచ్చింది. తొలకరి వాన పడితే చాలు, తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో ఎక్కడెక్కడి జనమో వంగి నడుస్తూ కనిపిస్తారు. మా పెద్దమ్మ చిన్నప్పుడు నన్ను తీసుకెళ్లి, సూర్యుడికి ఎదురుగా నడవరా, మెరుపు కనిపిస్తుంది అనేది. మర్‌ఫ్రీస్‌బరో పార్కు ఉద్యోగిని ఎలా వెతకాలని అడిగితే ఆయనా అదే చెప్పాడు: వాన పడి ఎండ కాసిన రోజు రా, నేల మీద మెరిసేదాన్ని చూడు. పెద్దమ్మ ఆయన దగ్గర ఇంగ్లీషులో నేర్చుకుని ఉండదు. రెండు గంటలు వంగి నడిచాక నాకు దొరికింది నడుం నొప్పి, ఒక గాజు పెంకు. దాన్ని కూడా కౌంటర్లో వాళ్లు డబ్బు తీసుకోకుండా పరీక్షించి, మర్యాదగా తిరిగిచ్చారు.

పార పట్టుకెళ్లొచ్చు, బ్యాటరీతో నడిచే పరికరాలు కుదరవు. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనండి, రద్దీ రోజుల్లో అయిపోతాయి. పాత బూట్లు వేసుకోండి, అవి విప్పి పెట్టుకోవడానికి చెత్త కవర్లు నాలుగు పట్టుకెళ్లండి. ఆ బురదతో అద్దె కారు తిరిగిస్తే క్లీనింగ్ చార్జీ వేస్తారు. ఎలా తెలుసని అడగొద్దు.

రోజుల విషయం. సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఎయిర్‌పోర్టులో కాకుండా ఊళ్లో ఉన్న బ్రాంచిలో కారు తీసుకుని, గురువారం రాత్రి ఇల్లు చేరి, శుక్రవారం తొమ్మిదిలోపు ఇచ్చేయండి. లెక్కకి నాలుగు రోజులే. ఎయిర్‌పోర్టు చార్జీలు తప్పుతాయి. శుక్ర శని ఆదివారాల్లో హాట్ స్ప్రింగ్స్‌లో గుర్రప్పందేలు నడిచే కాలం అది, మోటళ్ల రేట్లు ఎగురుతాయి. మార్చి 17న కూడా వద్దు. సెయింట్ పాట్రిక్స్ డే పరేడ్ అని 98 అడుగుల వీధిలో పెడతారు, ప్రపంచంలోకెల్లా పొట్టి పరేడ్ అని చెప్పుకుంటారు. వీధి పొట్టిదే గానీ జనం ఊరంతా ఉంటారు.

నేను వేసిన అంచనా ఇది, మీ తేదీలు పెట్టి సరిచూసుకో. కారు అద్దె టాక్సులతో 240, లయబిలిటీ 60. ఎనిమిది వందల మైళ్లకి గ్యాస్ 85. రెండు పెద్ద మంచాలున్న మోటల్ రూము మూడు రాత్రులకి టాక్సుతో 276. తిండికి 180: సరుకులు 60, బయట రెండు పూటలు 120. వజ్రాల చేనుకి 60. మొత్తం 901, అంటే మనిషికి 225. అదే కారు నీ పేరు మీద తీసుకుంటే వయసు చార్జీ, దాని మీద టాక్సు కలిపి ఇంకో 115. అప్పుడు మనిషికి 254. నీ గీత దాటించేది అదొక్కటే. అది తప్పిస్తే మిగిలే పాతికతో క్వాపా కొలనులో కూర్చో. మ్యాప్‌లో టోల్ రోడ్లు వద్దని పెట్టడం మర్చిపోకండి, అద్దె కారులో టోల్‌కి కంపెనీ తన ఫీజు కూడా కలుపుతుంది.

తిండికి రైస్ కుక్కర్ పట్టుకెళ్లండి. మొదటి రోజుకి పులిహోర ఇంట్లోనే కలుపుకోండి, తర్వాత పెరుగు, ఆవకాయ, కందిపొడి. కానీ రూములో తాలింపు మాత్రం పెట్టొద్దు. మేం ఒకసారి ఎలక్ట్రిక్ పొయ్యి మీద ఎండుమిరపకాయలు వేశాం. స్మోక్ అలారం మోగి, రాత్రి పదింటికి మోటల్ మొత్తం దుప్పట్లు కప్పుకుని పార్కింగ్ లాట్‌లో నిలబడింది. ఓనరు గుజరాతీ పెద్దాయన. మా గుమ్మంలో నిలబడి గాలి పీల్చి, "హింగ్?" అన్నాడు. ఆ ఒక్క మాటే. పొద్దున డిపాజిట్‌లో 50 డాలర్లు కోసుకున్నాడు, వెళ్లేటప్పుడు మాకు తలా ఒక టీ ఇచ్చాడు.

పాస్‌పోర్టు, ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం కాలేజీ ఇచ్చిన కాగితం) వెంట ఉంచుకోండి. ఎవరైనా మెక్సికో సరిహద్దులో ఉన్న బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి వెళ్దామంటే, అదీ అద్భుతమైన చోటే, కానీ దూరం ఎక్కువ. తిరుగుదారిలో బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టుల్లో ఆపి కాగితాలు అడుగుతారు.

నాన్న వడ్డీ గురించి అడిగావు. వెళ్లే ముందు ఆయనకి ఫోన్ చేసి 225 డాలర్లు అవుతుందని చెప్పు. దాచిపెట్టి వెళ్లి, ఫొటోలు ఎవరి స్టేటస్‌లోనో ఆయన చూస్తే అప్పుడు బాధ. మా నాన్న అయితే, వజ్రాల చేనని చెప్పగానే, "దొరికితే లోన్ తీర్చెయ్" అని ఫోన్ పెట్టేశాడు.

ప్రశ్న: మా అమ్మాయి న్యూజెర్సీలో చదువుతోంది. స్ప్రింగ్ బ్రేక్ అని, ఇంకో అమ్మాయితో కలిసి వాషింగ్టన్ మూడు రోజులు బస్సులో వెళ్తానంటోంది. 20 వేలు పంపమంది. యూట్యూబ్‌లో స్ప్రింగ్ బ్రేక్ అని కొడితే బీచ్‌లో తాగి గెంతే పిల్లలే కనిపిస్తున్నారు. నాకు నిద్ర పట్టట్లేదు. అంత డబ్బు నిజంగా అవుతుందా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, స్ప్రింగ్ బ్రేక్ అంటే మన దసరా సెలవుల్లాంటిదే, సెమిస్టర్ మధ్యలో ఒక వారం. బీచ్‌కి పోయేవాళ్లు పోతారు. మీ అమ్మాయి పోతానన్నది మ్యూజియాలున్న ఊరికి. టెన్షన్ పడకండి.

20 వేలంటే 225 డాలర్లకి అటూ ఇటూ. రానూపోనూ బస్సు 60 దాకా, ఇద్దరూ రూము పంచుకుంటే రెండు రాత్రులకి తన వాటా 120 పైమాటే, మిగిలింది తిండికి, మెట్రోకి. పిల్ల గీసి గీసి లెక్క వేసింది, పైన ఇంకో రెండు వేలు వేసి పంపండి. అక్కడ స్మిత్‌సోనియన్ సంస్థ నడిపే మ్యూజియాలకి టికెట్ లేదు. వాటిలో విమానాలు, రాకెట్లు ఉండే ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియానికి మాత్రం ఉచిత పాస్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోమనండి. 1912లో టోక్యో నగరం ఇచ్చిన చెర్రీ చెట్లు మార్చి ఆఖరులోనో ఏప్రిల్ మొదట్లోనో విరగబూస్తాయి, ఆ వారం రూములు మండిపోతాయి. వీళ్ల సెలవులు మార్చి మధ్యలోనైతే పూలు తప్పుతాయి, డబ్బు మిగులుతుంది.

రూము ఎక్కడ తీసుకుందో అడగండి. ఊరి బయట వర్జీనియా వైపు చవక, కానీ మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉండాలి. లేకపోతే రాత్రిపూట క్యాబులకే ఆ మిగిలింది పోతుంది. బస్సు కూడా పగటిదే ఎక్కమనండి. నాలుగైదు గంటల ప్రయాణం, పొద్దున ఎనిమిదింటికి ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతుంది. అప్పటికి మీకు రాత్రి పదిన్నర. చేరాక ఫోన్ చేయమనండి, ఆ తర్వాత పడుకోండి.