మందార కొమ్మకు అంటు కట్టామనవచ్చా?

సందేహం: పక్కింటివాళ్ల ముద్దమందారం కొమ్మ ఒకటి తెచ్చి కుండీలో గుచ్చాను. చిగురేసింది. ‘అంటు కట్టాను’ అంటే మా మామగారు, ‘తొక్కితేనే అంటమ్మా’ అన్నారు. నర్సరీ అతనేమో ‘కటింగ్’ అన్నాడు. ఏది సరైన మాట?

సమాధానం: మీరు చేసింది కొమ్మ నాటడం. ఇక మామగారు చెప్పింది సగమే నిజం. కట్టే అంటూ ఉంది, తొక్కే అంటూ ఉంది.

అంటడమంటే తాకడం, అతుక్కోవడం. (ఎంగిలి అంటిన గిన్నెలు కాబట్టే అవి ‘అంట్లు’.) మామిడిలో ఒక చెట్టు రెమ్మను మరో మొక్క కాండానికి అతికించి, రెండూ ఏకమయ్యేలా బిగించి కడతారు. అది అంటు కట్టడం. తొక్కడంలో రెండో మొక్కతో పని లేదు. మల్లెపొదలో కిందికి వంగే కొమ్మను తల్లి నుంచి కోయకుండానే నేలకు వంచి, కణుపు దగ్గర కాస్త బెరడు గీకి, మట్టిలో తొక్కిపెడతారు. అక్కడ వేళ్లు దిగాకే కోసి వేరు చేస్తారు. కొమ్మ వంగకపోతే పైనే బెరడు తీసి, తడి నాచు చుట్టి కడతారు. అది గాలి అంటు.

మీ కొమ్మ ముందే తెగి వచ్చింది, దేన్నీ అంటలేదు. కొందరు దీన్ని ‘కొమ్మ కత్తిరింపు’ అని రాస్తున్నారు. నాకు నచ్చదు. ఏపుగా పెరిగిన మొక్కను పొట్టి చేయడాన్నీ కత్తిరింపే అంటాం. మందారం కొత్త రెమ్మల మీద పూస్తుంది కాబట్టి ఆ పనీ చేస్తూనే ఉంటాం. ఒకే మాటకు రెండు పనులు అప్పగిస్తే వినేవాళ్లకు తికమక. ‘కటింగ్’ అంటే ఎలాగూ మనకు ముందు సెలూనే గుర్తొస్తుంది! ‘విత్తాను’ అనే అవకాశమూ తక్కువే, మన పెరళ్లలో ముద్దమందారం కాయ కాయడం అరుదు.

ఇంకొకటి. ‘చిగురేసింది’ అన్నారు గానీ ‘నాటుకుంది’ అనలేదు, మంచిదే. కొమ్మలో మిగిలిన సత్తువతో వేరు లేకుండానే చిగురు రావచ్చు, ఆ తరువాత వాడిపోనూవచ్చు. కొన్ని వారాలయ్యాక మెల్లగా లాగి చూడండి. మట్టి పట్టు వదలకపోతే వేరూనినట్టే. అప్పటిదాకా నీడలో ఉంచి, మట్టి ఆరిపోకుండా కొద్దికొద్దిగా నీళ్లు పోయండి. ‘పెట్టండి’ అనలేదు చూశారా? కుండీకి నీళ్లు పోస్తాం, పెట్టేది పొలానికి.