థర్మోటోగా ఎమ్ఆర్ఇబీకి మొదటి హెలిక్స్ లేకపోతే పొరకు ఎలా అంటుకుంటుంది?

ఎమ్ఆర్ఇబీ అంటే బ్యాక్టీరియా కణానికి ఆకారం ఇవ్వడంలో తోడ్పడే ప్రోటీన్. ఈ.కోలై, థర్మోటోగా ఎమ్ఆర్ఇబీల అమైనో ఆమ్లాల వరుసలను పక్కపక్కన పెట్టి పోల్చిన మీ అలైన్‌మెంట్‌లో మొదటి హెలిక్స్ (మెలి తిరిగిన ముక్క) థర్మోటోగాకు కనిపించలేదన్నారు. అందులో తప్పేమీ లేదండీ. ఈ.కోలై ఎమ్ఆర్ఇబీ మొదట్లో ఉన్న తొమ్మిది అమైనో ఆమ్లాల ముక్క వేడినీళ్లలో బతికే బ్యాక్టీరియా థర్మోటోగా మారిటిమాలో నిజంగానే లేదు. అంతమాత్రాన దాని ఎమ్ఆర్ఇబీ కణం పొరను వదిలేసిందనుకోకండి.

ఈ.కోలైలో ఆ ముక్క ఒకవైపు నీటికి, ఇంకోవైపు కొవ్వుకు మొగ్గే హెలిక్స్‌గా చుట్టుకుని, పొర లోపలి ముఖంలో పక్కకు పడుకున్నట్టు దిగుతుంది. థర్మోటోగాలో ఆ పని ఒక చిన్న లూప్ చేస్తుంది: 93వ స్థానంలో ల్యూసిన్, 94లో ఫినైల్అలనిన్. రెండే కదా అనిపిస్తుంది. కానీ ఎమ్ఆర్ఇబీ ఒంటరిగా రాదు, తంతువుగా వస్తుంది. ఒక్కో అణువు పట్టు బలహీనమైనా, వరుసలో ఉన్నవన్నీ కలిస్తే గట్టిగా అంటుకుంటుంది. 2011లో వచ్చిన పరిశోధన ఈ రెండు పద్ధతులనూ చూపించింది.

అందుకే లూప్ ఉన్న భాగాన్నీ చూడండి, మొదటి చివరను 'గజిబిజి' అని కత్తిరించకండి (నేనూ ఒకసారి కత్తిరించి వారం పోగొట్టుకున్నాను). ప్రయోగం చేస్తే మెరిసే ట్యాగును (ప్రోటీన్ ఎక్కడుందో చూపడానికి దానికి తగిలించే మెరిసే ముక్కను) ఆ చివరన పెట్టొద్దు. ఈ.కోలైలో అలా పెట్టినప్పుడు కనిపించిన పొడవాటి స్ప్రింగు ఆకారాలు ట్యాగు వల్ల వచ్చినవేనని 2012లో తేలింది. ట్యాగును ప్రోటీన్ మధ్యలో ఇరికించిన రకం వాడండి.

కణం రెండుగా విడిపోవడానికి కావలసిన ఇంకో తంతువు ప్రోటీన్ ఎఫ్‌టీఎస్‌జెడ్ దారి వేరు, దానికి పొర మీద సొంత పట్టు లేదు. ఈ.కోలైలో ఎఫ్‌టీఎస్ఏ, జిప్ఏ అనే ప్రోటీన్లు దాన్ని పొరకు కడతాయి. చాలా ఆర్కియాల్లో (బ్యాక్టీరియాలా కనిపించే వేరే జాతి సూక్ష్మజీవుల్లో) ఆ పని సెప్‌ఎఫ్ అనే ప్రోటీన్‌ది.