శైథిల్యమా, క్రమక్షయమా?

ప్రశ్న: బడిలో భూగోళం చెబుతాను. ఎండకూ వానకూ రాయి పాడవడాన్ని పాఠంలో ‘శైథిల్యం’ అన్నారు. శిథిలమంటే కూలిన కోట కదా, నిలబడే ఉన్న గుండు శిథిలమెలా అవుతుందని పిల్లలు అడుగుతున్నారు. ‘క్రమక్షయం’ అంటే సరిపోదా? ‘శిలాశైథిల్యత’ అని కూడా ఒకచోట చదివాను. ఏది సరి?

సమాధానం: పిల్లల అనుమానంలో న్యాయం ఉంది. తెలుగులో మనం శిథిలాన్ని కూలిన కట్టడాలకే అంటగట్టేశాం. సంస్కృతంలో దాని మొదటి అర్థం ‘వదులైనది, బిగువు సడలినది’. జారిన ముడీ శిథిలమే. గోడ కూలడం తర్వాతి సంగతి, ముందు పట్టు సడలాలి. రాతిలో జరిగేదీ సరిగ్గా ఇదే.

హైదరాబాదు గ్రానైటునే చూడండి. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి. కొత్తగా పగలగొట్టిన ముక్కలో గాజులాంటి క్వార్ట్జ్, తెలుపో గులాబీయో రంగు ఫెల్డ్‌స్పార్, నల్లని అభ్రకం ఒకదాన్నొకటి కరుచుకుని ఉంటాయి. నెర్రెల్లోంచి నీరు దిగితే నల్ల అభ్రకంలోని ఇనుము తుప్పుపట్టి చుట్టూ ఎర్రబారుతుంది. ఫెల్డ్‌స్పార్ మెల్లగా బంకమన్నుగా మారుతుంది. క్వార్ట్జ్ మొండిది, ఇసుకై మిగులుతుంది. తాజా గ్రానైటులో ఖాళీలు సాధారణంగా నూటికి ఒక వంతు కూడా ఉండవు, బరువు అంతే పరిమాణం నీటికి 2.6, 2.7 రెట్లు. శైథిల్యం ముదిరేకొద్దీ ఖాళీలు పెరుగుతాయి, రాయి తేలికవుతుంది, నీళ్లు తాగుతుంది, బలం తగ్గుతుంది. సుత్తితో కొడితే తాజా రాయి ఖంగుమంటుంది. సడలిన రాయి మొద్దుగా చప్పుడు చేస్తుంది, బాగా ముదిరితే వేళ్ల మధ్య నలిగి రాలుతుంది. మన శిల్పశాస్త్రాలు పలకని రాయిని నపుంసక శిల అని, విగ్రహానికి పనికిరాదని పక్కనపెట్టాయి. చెవితో చేసిన పరీక్షే అది.

ఇక క్రమక్షయం వేరు. రాయి ఉన్నచోటనే సడలితే శైథిల్యం. సడలినదాన్ని వాగో గాలో కోసి ఎత్తుకుపోతే క్రమక్షయం. రెండూ ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి కాబట్టి కలిపేస్తుంటారు. ‘అరుగుదల’ కూడా ఇక్కడ పనికిరాదు, అది రాపిడి వల్ల వచ్చేది.

నన్నడిగితే, పిల్లలకు ముందు ‘గుల్లబారడం’ చెప్పి తర్వాత శైథిల్యం చెప్పండి. బోరు వేసేచోటికి తీసుకెళ్తే ఇంకా మేలు. పైన మట్టి, కింద మొరం, దాని కింద గట్టి రాయి. మొరం దాటి గట్టి రాయి తగిలేదాకానే కేసింగు పైపు దింపుతారు. ఆ మొరమంతా ఉన్నచోటనే సడలిన రాయి.

‘శైథిల్యత’ తప్పు. శిథిలానికి భావార్థంలో వచ్చిన రూపమే శైథిల్యం, దానిమీద అదే పని చేసే ‘త’ మళ్లీ ఎందుకు? ‘సౌందర్యత’ లాంటిదే ఇదీ. అన్నట్టు, మీ ఉత్తరంలో రెండుచోట్ల ‘శిధిలం’ అని ధకారం పడింది. థకారమే సరి, ఇక్కడ దిద్ది వేశాను.