పాత కంప్యూటర్లలో ఐకాన్లు మార్చే ముందు

శ్రీకాకుళం

చిరంజీవి చిన్నాకి,

అత్త ఆశీస్సులు. పొందూరులో అందరూ వాడుకోవడానికి గదిలో పెట్టిన పాత కంప్యూటర్లను ఇకనుంచి నువ్వే చూసుకోవాలని ఫోన్‌లో చెప్పావు కదా, వినగానే సంతోషం వేసింది. విండోస్ ఎక్స్‌పీ ఉన్నవి మూడు, విండోస్ సెవెన్ ఉన్నవి రెండు అన్నావు. తెర మీద ఐకాన్లు, అంటే ఆ చిన్న బొమ్మలు, అందరికీ అర్థమయ్యేలా మార్చాలని నీ ఆలోచన. మంచి ఆలోచనే. ఇవన్నీ ఫోన్‌లో చెబితే సగం జారిపోతాయి, అందుకే రాస్తున్నాను. ఈ కాగితం సిస్టమ్ పక్కనే పెట్టుకో.

ముందు ఒక మాట. అక్కడికి వచ్చేది ఎవరు? నూలు వడికే ఆడవాళ్ళు, హైస్కూలుకెళ్ళే గుంటలు, అర్జీ టైపు చేయించుకోవడానికి వచ్చే పెద్దవాళ్ళు. ‘మై డాక్యుమెంట్స్’ అని ఇంగ్లీషులో ఉంటే వాళ్ళలో చాలామంది నిన్నే పిలుస్తారు. బొమ్మ చూడగానే ఇది నా లెక్కల ఫోల్డరు, ఇది టైపు చేసుకునేది అని తెలిసిపోవాలి. మార్పు అందుకోసమే చెయ్యి. తెర అందంగా కనిపించడం తర్వాతి సంగతి. గుంటలు పులి బొమ్మలూ కార్ల బొమ్మలూ పెట్టమని వెంటపడతారు. ఒక్క సిస్టమ్‌లో సరదాకి పెట్టనియ్యి, మిగతావాటిలో వద్దు.

ఏదైనా ముట్టుకునే ముందు తెర ఇప్పుడెలా ఉందో ఫొటో తీసుకో. కీబోర్డు మీద ప్రింట్ స్క్రీన్ మీట నొక్కి, పెయింట్ తెరిచి పేస్ట్ చేసి, ఆ రోజు తేదీ పేరుతో సేవ్ చెయ్యి. ప్రతి సిస్టమ్‌లోనూ ఇది జరగాలి. ఏ ఐకాను ఎక్కడుంది, దాని కింద ఏ పేరుంది అన్నది మరో ఆరు నెలలకి నీకే కాదు, ఎవరికీ గుర్తుండదు.

రెండోది ఇంకా ముఖ్యం. అందరూ వాడటానికి వేరే యూజర్ అకౌంట్ తెరువు, ఎక్స్‌పీలో అయితే లిమిటెడ్ అకౌంట్. మై కంప్యూటర్, రీసైకిల్ బిన్ లాంటి వాటి బొమ్మలు మారిస్తే ఆ మార్పు ఆ అకౌంట్ వరకే ఉంటుంది, అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ చెక్కుచెదరదు. ఏం చేసినా గందరగోళం తీరకపోతే, లోపలి ఫైళ్ళు బయటికి తీసి పెట్టుకుని ఆ అకౌంట్ తీసేసి కొత్తది తెరువు. మొదటి రోజు ఎలా ఉందో అలాంటి తెరే వస్తుంది. ఇది చేతిలో ఉంటే ఇక నీకు టెన్షన్ ఉండదు.

ఇప్పుడు ఎక్స్‌పీ సంగతి. తెర మీద ఖాళీ చోట రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లోకి వెళ్ళు. డెస్క్‌టాప్ అనే ట్యాబ్ కింద ‘కస్టమైజ్ డెస్క్‌టాప్’ అని బటన్ ఉంటుంది. మై కంప్యూటర్, మై డాక్యుమెంట్స్ వగైరా తెర మీద కనిపించాలా వద్దా అన్నది అక్కడ టిక్కు పెట్టి చెప్పాలి. కింద వాటి బొమ్మలుంటాయి. ఒకదాన్ని ఎంచుకుని ‘చేంజ్ ఐకాన్’ నొక్కితే బోలెడు బొమ్మలు వస్తాయి. చాలామంది చూడని బటన్ దాని పక్కనే ఉంటుంది, ‘రిస్టోర్ డిఫాల్ట్’. బొమ్మ ఎంచుకుని అది నొక్కితే అసలు బొమ్మ వచ్చేస్తుంది. అయితే తిరిగొచ్చేది బొమ్మ ఒక్కటే. నువ్వు పేరు కూడా మార్చి ఉంటే పాత పేరు నువ్వే టైపు చెయ్యాలి. అందుకే ఆ ఫొటో తియ్యమన్నది.

సెవెన్‌లో దారి వేరు. రైట్ క్లిక్ కొట్టి పర్సనలైజ్‌లోకి వెళితే ఎడమ పక్కన ‘చేంజ్ డెస్క్‌టాప్ ఐకాన్స్’ ఉంటుంది. లోపల అవే బటన్లు. ఒక సిస్టమ్‌లో స్టార్టర్ ఎడిషన్ ఉందేమో చూడు, అందులో పర్సనలైజ్ కనిపించదు. స్టార్ట్ మెనూలో డెస్క్‌టాప్ ఐకాన్స్ అని వెతికితే దొరుకుతుంది. అదే పెట్టెలో అడుగున, థీములు, అంటే తెర రూపాన్నంతా ఒక్కసారిగా మార్చేవి, ఐకాన్లను మార్చడానికి అనుమతించే టిక్కు ఒకటి ఉంటుంది. అది తీసెయ్యి. లేకపోతే ఏ గుంటో థీమ్ మార్చిన రోజున నువ్వు పెట్టిన బొమ్మలన్నీ పోతాయి.

రీసైకిల్ బిన్‌కి రెండు బొమ్మలు, నిండినప్పుడొకటి, ఖాళీగా ఉన్నప్పుడొకటి. మారిస్తే రెండూ మార్చు, లేదా రెండూ వదిలెయ్యి. నన్నడిగితే వదిలెయ్యమంటాను. చెత్తబుట్ట బొమ్మ అందరికీ తెలుసు. పైగా ఎక్స్‌పీలో దాని పేరు మామూలుగా రైట్ క్లిక్ కొట్టి మార్చడం కుదరదు, సెవెన్‌లో కుదురుతుంది.

‘అసలు స్థితి’ అంటే ఏమిటో కూడా తెలుసుకో. ఎక్స్‌పీ కొత్తగా ఎక్కిస్తే తెర మీద ఉండేది రీసైకిల్ బిన్ ఒక్కటే. సెవెన్‌లోనూ అంతే. మై కంప్యూటర్ కనిపించట్లేదు, సిస్టమ్ పాడైందని ఎవరైనా అంటే కంగారు పడకు, అది స్టార్ట్ మెనూలో ఉంటుంది. విండోస్ 98లో మాత్రం అది మొదటి నుంచీ తెర మీదే ఉండేది. ఆ కాలంలో నేర్చుకున్నవాళ్ళకి ఆ అలవాటు ఇంకా పోలేదు. వాళ్ళ కోసం టిక్కు పెట్టి చూపించు.

ఫోల్డర్ల బొమ్మలు మార్చేది వేరే చోట. ఫోల్డరు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కస్టమైజ్ ట్యాబ్, చేంజ్ ఐకాన్. షార్ట్‌కట్ అయితే షార్ట్‌కట్ ట్యాబ్‌లోనే ఆ బటన్ ఉంటుంది. ఫోల్డరు బొమ్మ మార్చగానే అందులో ‘డెస్క్‌టాప్ డాట్ ఐఎన్ఐ’ అని కనిపించని ఫైలు ఒకటి పుడుతుంది. వైరస్ అనుకుని భయపడకు, ఆ ఫోల్డరుకి ఏ బొమ్మ పెట్టాలో రాసుకున్న చీటీ అది. వెనక్కి తేవాలంటే అదే పెట్టెలో ‘రిస్టోర్ డిఫాల్ట్స్’ నొక్కితే చాలు.

ఐకాన్ ఫైళ్ళను మాత్రం పెన్‌డ్రైవ్‌లోంచి పెట్టకు. సీ డ్రైవ్‌లో ‘బొమ్మలు’ అని ఫోల్డరు తెరిచి, అన్నీ అందులో వేసి, అక్కడి నుంచే ఎంచుకో. విండోస్ ఆ బొమ్మను తనలో దాచుకోదు, అది ఏ చోట ఉందో మాత్రమే గుర్తు పెట్టుకుంటుంది. పెన్‌డ్రైవ్ తీసిన తర్వాత బొమ్మ పోయి ఏదో తెల్ల కాగితం కనిపిస్తుంది.

బొమ్మలు నెట్‌లో వెతకనక్కర్లేదు, గుంటల చేతే గీయించు. నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. ఎక్స్‌పీ సిస్టమ్‌లో పెయింట్ తెరిచి, ఇమేజ్ మెనూలో అట్రిబ్యూట్స్‌కి వెళ్ళి వెడల్పు 32, ఎత్తు 32 పెట్టి, పక్కన పిక్సెల్స్ అని ఉందో లేదో చూడు. గోరంత బొమ్మ వస్తుంది. జూమ్‌లో 800 శాతం పెట్టి, షో గ్రిడ్ నొక్కితే గళ్ళు కనిపిస్తాయి. ఒక్కో గడి నింపుతూ గీయాలి. సేవ్ చేసేటప్పుడు పేరు చివర చుక్క పెట్టి ఐసీఓ అని ఇంగ్లీషులో టైపు చేస్తే అది ఐకానుగా పనికొస్తుంది. వెనక తెల్ల చదరం మాత్రం అలాగే ఉంటుంది. పెయింట్‌తో దాన్ని తియ్యలేం.

నూలు లెక్కల ఫోల్డరుకి రాట్నం గీద్దామని గుంటలు అంటారు. మన పొందూరు రాట్నం చక్రానికి 24 ఆకులు, అంటే పుల్లలు. మొత్తం వెడల్పే 32 గళ్ళు, అందులో చక్రానికి మహా అయితే ఇరవై వస్తాయి. ఆకులన్నీ గీస్తే కలిసిపోయి నల్లటి ముద్ద అవుతుంది. ఎనిమిది గీసి చూడు, అదీ చక్రంలా ఉంటుంది తప్ప రాట్నం అనిపించదు. దాని బదులు వాలుగ చేప గీయించు. పత్తిని ఆ చేప దవడతోనే దువ్వుతారు కాబట్టి మీ ఊళ్ళో వడికేవాళ్ళకి దాన్ని చెప్పనక్కర్లేదు. పొడుగాటి ఒళ్ళు, నోటి దగ్గర రెండు మీసాలు, కంటికి ఒకే ఒక్క తెల్ల గడి. ఒళ్ళు ముదురు రంగులో ఉండాలి. లేత రంగు వేస్తే పాత మానిటర్లలో ఆ తెల్ల చదరంలో కలిసిపోతుంది. గీశాక జూమ్ తీసేసి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూడమను. అక్కడి నుంచి చేప అనిపిస్తే బొమ్మ కుదిరినట్టే.

పేర్లు తెలుగులో పెడదామన్నావు, తప్పకుండా పెట్టు. సెవెన్‌లో ఇబ్బంది లేదు. ఎక్స్‌పీలో ముందు కంట్రోల్ ప్యానెల్‌లో రీజినల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్‌కి వెళ్ళి, లాంగ్వేజెస్ ట్యాబ్‌లో తెలుగు లాంటి లిపులకి కావలసిన కాంప్లెక్స్ స్క్రిప్ట్ ఫైళ్ళు ఎక్కించమనే టిక్కు పెట్టాలి. అప్పుడది ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది. ఎక్కాక ఒకసారి రీస్టార్ట్ చేసి, తెలుగు కీబోర్డు చేర్చుకుని, ఐకాను ఎంచుకుని ఎఫ్2 నొక్కి పేరు టైపు చెయ్యి. డీటీపీ వాళ్ళ దగ్గర అను ఫాంట్లలో టైపు చేసింది తెచ్చి అతికించకు. అది యూనికోడ్ కాదు, ఐకాను కింద పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి.

తెలుగు పేరు పెట్టాక అక్షరాలు మరీ చిన్నగా ఉంటాయి. ఎక్స్‌పీలో ఐకాను పేర్ల ఫాంట్ టహోమా, సైజు 8. ఇంగ్లీషుకి సరిపోతుంది కానీ మన వత్తులు కనపడవు. ప్రాపర్టీస్‌లో అప్పియరెన్స్, అడ్వాన్స్‌డ్‌కి వెళ్ళి, ఐటమ్ దగ్గర ఐకాన్ ఎంచుకుని ఫాంట్ సైజు 10 గానీ 11 గానీ చెయ్యి. అదే చోట ఐకాన్ల మధ్య దూరం కూడా ఉంటుంది, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. మొదట రెండూ 43 ఉంటాయి, ఐకాను సైజు 32. ఈ అంకెలు గోడ మీద రాసి పెట్టుకో. ఎవరైనా ఐకాన్లను ఒకదాని మీదకొకటి ఎక్కించేస్తే ఇవే మళ్ళీ వేస్తావు. సెవెన్‌లో సైజు మారిపోయిందని ఎవరైనా అంటే మాత్రం ఇక్కడిదాకా రానక్కర్లేదు, కంట్రోల్ పట్టుకుని మౌస్ చక్రం తిప్పి ఉంటారు. నువ్వూ అలాగే వెనక్కి తిప్పు.

‘ఐకాన్లన్నీ పోయాయి’ అని అరుస్తూ వస్తారు, రాసిపెట్టుకో. ముందు ఖాళీ చోట రైట్ క్లిక్ కొట్టి, అరేంజ్ ఐకాన్స్ బైలో (సెవెన్‌లో అయితే వ్యూలో) ‘షో డెస్క్‌టాప్ ఐకాన్స్’ టిక్కు ఉందేమో చూడు. చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. ఎక్స్‌పీలో ఇంకొకటుంది. 60 రోజులకోసారి వాడని షార్ట్‌కట్లు సర్దుతానంటూ ఒక విజార్డ్, అంటే వరసగా అడుగుతూ పోయే పెట్టె, వస్తుంది. గుంటలు నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కేస్తారు, ఐకాన్లు ‘అన్‌యూజ్డ్ డెస్క్‌టాప్ షార్ట్‌కట్స్’ ఫోల్డరులోకి పోతాయి. అక్కడి నుంచి లాక్కొచ్చి, కస్టమైజ్ డెస్క్‌టాప్‌లో ఆ విజార్డ్ టిక్కు తీసెయ్యి.

సర్దిన వరస చెదిరిపోవడం కరెంటు వల్ల కూడా జరుగుతుంది. ఎక్స్‌పీ ఐకాన్ల వరసను లాగాఫ్ అయ్యేటప్పుడో షట్‌డౌన్ చేసేటప్పుడో రాసుకుంటుంది. మన వైపు గాలివాన రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు కదా. అందుకని పొద్దంతా కూర్చుని సర్దాక, వెంటనే ఒకసారి లాగాఫ్ అయి మళ్ళీ లోపలికి రా. రైట్ క్లిక్ మెనూలో ఆటో అరేంజ్ తీసేసి, అలైన్ టు గ్రిడ్ మాత్రం ఉంచు. యూపీఎస్ బ్యాటరీ మార్చమని మీ పెద్దలకి గట్టిగా చెప్పు.

బొమ్మ మార్చినా పాతదే కనిపిస్తోందనుకో. విండోస్ బొమ్మల నకళ్ళు ఒక ఫైలులో దాచుకుంటుంది, అది పాతబడి ఉంటుంది. అప్పియరెన్స్‌లో ఐకాను సైజు 33 చేసి అప్లై కొట్టి, మళ్ళీ 32 చెయ్యి. సాధారణంగా సరైపోతుంది. కాకపోతే ఆ అకౌంట్ లాగాఫ్ చేసి, అడ్మినిస్ట్రేటర్‌గా వెళ్ళి ‘ఐకాన్‌క్యాష్ డాట్ డీబీ’ అనే ఆ ఫైలు డిలీట్ చెయ్యి. విండోస్ కొత్తది తయారుచేసుకుంటుంది.

ఇది మాత్రం జాగ్రత్తగా చదువు. పెన్‌డ్రైవుల్లో వచ్చే కొన్ని వైరస్‌లు ఫోల్డరు బొమ్మ వేసుకుని వస్తాయి. చూడటానికి అచ్చం పసుపు ఫోల్డరే, నొక్కితే నడిచేది ప్రోగ్రామ్. బొమ్మను ఎవరైనా మార్చగలరని నీకిప్పుడు తెలిసింది కదా, వాళ్ళు చేసేదీ అదే. ఫోల్డర్ ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబ్‌కి వెళ్ళి, ఫైలు పేరు చివరి ఎక్స్‌టెన్షన్లు దాచే టిక్కు అన్ని సిస్టమ్‌లలోనూ తీసెయ్యి. అప్పుడు ఆ దొంగ ఫోల్డరు పేరు చివర ఈఎక్స్ఈ అని కనిపిస్తుంది. గుంటలకి కూడా ఇది చూపించి చెప్పు. ఐకాన్ ప్యాక్ అని చెప్పి సిస్టమ్ ఫైళ్ళనే మార్చేసే సాఫ్ట్‌వేర్లు ఉంటాయి, వాటి జోలికి వెళ్ళకు. అవి పెట్టిన బొమ్మలకి రిస్టోర్ డిఫాల్ట్ బటన్ పనిచెయ్యదు.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో, సెవెన్‌కి 2020 జనవరి 14తో అప్‌డేట్లు ఆపేసింది. ఎక్స్‌పీ మూడింటికీ నెట్ కనెక్షన్ ఇవ్వకు, టైపింగుకీ లెక్కలకీ నెట్ అక్కర్లేదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఐకాను టిక్కు కూడా తీసేస్తే ఎవరూ అడగరు. జనం రాసుకున్న ఫైళ్ళు తెర మీద ఉంచకు. తెర మీద ఉన్నదంతా సీ డ్రైవ్‌లోనే ఉంటుంది, ఫార్మాట్ చేసిన రోజున పోతుంది. ఫైళ్ళు డీ డ్రైవ్‌లో పెట్టి, తెర మీద షార్ట్‌కట్ మాత్రం ఉంచు. షార్ట్‌కట్ ఎవరైనా డిలీట్ చేసినా అసలు ఫైలు భద్రంగా ఉంటుంది.

ముందుగా ఒక్క ఎక్స్‌పీ సిస్టమ్ తీసుకుని ఇదంతా చెయ్యి. వారం రోజులు జనాన్ని వాడనిచ్చి, ఎక్కడ తడబడుతున్నారో చూసి, తర్వాత మిగతావి ముట్టుకో. ఆ సిస్టమ్‌లతో పాటు ఎక్స్‌పీ సీడీ ఇచ్చారో లేదో ఈ రోజే కనుక్కో. సీడీ డ్రైవ్ పనిచేస్తోందో లేదో కూడా చూడు, ఇన్నాళ్ళు మూలన పడున్నవాటిలో ముందు పాడయ్యేది అదే. సీడీ లేకపోతే ఫోన్ చెయ్యి, నా దగ్గరున్నది మీ నాన్న ఆదివారం వచ్చినప్పుడు ఇచ్చి పంపిస్తాను.

ఇట్లు,
మీ అత్త